లేగోస్ అక్కకి గుప్పెడు బియ్యం

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోను టింగుమంది. పుట్టింటి ఊరి చర్చి ఆడవాళ్ల గ్రూపులో పాస్టరమ్మ ఒక వీడియో పెట్టింది. నెర్రెలు ఇచ్చిన నేల, ఎముకలు తేలిన బిడ్డ, కంటి మీద ఈగ, వెనకాల ఏడుపు సంగీతం. కింద తెలుగులో ‘పళ్లెంలో అన్నం పారేసే ముందు ఆఫ్రికాని తలుచుకోండి’ అని రాసుంది. ఆఫ్రికాలో ఏ దేశమో, ఏ ఊరో, ఎప్పటి సంగతో ఎక్కడా లేదు. అర నిమిషంలో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. నా బొటనవేలు కూడా అలవాటు కొద్దీ ఆ బొమ్మ మీదకే పోయి, నొక్కకుండా ఆగిపోయింది. ఎందుకంటే నా ఫోనులో ఇంకొకామె ఉంది. ‘లేగోస్ అక్క’ అని పేరు పెట్టి దాచుకున్నాను. ఆమెదీ ఆఫ్రికానే. ఆమెని కళ్లారా చూసి ఆరేళ్లు దాటింది. ఆ వీడియో చూస్తూ చూస్తూ నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. మా ఆయన పొయ్యి మీద పెట్టిన పాలు పొంగి, ఆయన అరిచేదాకా లేవలేదు.

అప్పుడు నాకు ఇరవై. ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక, మద్రాసు దారిలో తడ ఊరికి ఇవతల హైవే పక్కనున్న వెంట్రుకల షెడ్డులో పనికి చేరాను. వెంట్రుకల షెడ్డు ఏమిటి అనుకునేవాళ్లకి చెప్తాను. తల దువ్వుకుంటే దువ్వెనకి వచ్చే జుట్టుని మా వైపు ఆడవాళ్లు పారేయరు. వేలికి చుట్టి, ఉండ చేసి, గోడ సందులోనో చూరులోనో దోపుతారు. రెండు మూడు నెలలకి ఆ ఉండ కోడిగుడ్డంత అవుతుంది, ఓపికుంటే కొబ్బరికాయంత అవుతుంది. సైకిలుకి స్టీలు గిన్నెలు వేలాడేసుకుని ‘ఎంటికలకి సామానూ’ అని అరుస్తూ ఒకతను వస్తాడు. ఆ ఉండ ఇచ్చి గిన్నెనో గరిటెనో తీసుకుంటారు. అలా ఊరూరా ఏరిన ఉండలు గోతాలకొద్దీ మా షెడ్డుకి వచ్చేవి. ఇరవై రెండు మంది ఆడవాళ్లం నేల మీద కూర్చుని దబ్బనాలతో చిక్కు తీసేవాళ్లం. తర్వాత మేకులు గుచ్చిన బల్ల మీద దువ్వి, పొడుగుని బట్టి కట్టలు కట్టేవాళ్లం. ఒక్కో ఉండ విప్పితే ఒక్కో ఇంటి వాసన వచ్చేది. ఒకటి కుంకుడుకాయ, ఒకటి ఆముదం, ఒకటి పొయ్యి పొగ. ఒకసారి ఒక ఉండలో ఎండిపోయిన కనకాంబరం వచ్చింది. ఎవరు పెట్టుకున్నారో, ఏ పెళ్లికి పోయొచ్చారో అని నేను ఆ పూటంతా కథలు అల్లుతుంటే, పక్కనామె ‘నోటితో తీస్తా ఉండావా మే, చేత్తో తీస్తా ఉండావా?’ అని నా తొడ మీద ఒకటి వేసింది.

షెడ్డు యజమానిని అందరం భాయ్ అనేవాళ్లం. వాళ్ల తాత కాలంలో సవరాలు కట్టి తిరనాళ్లలో అమ్మేవాళ్లట. భాయ్ దాన్ని పెంచి మద్రాసు దాకా పోయాడు. మద్రాసు నుంచి మా కట్టలు ఎటు పోతాయో మాకెప్పుడూ తెలియలేదు. సినిమావాళ్లకని అనుకునేవాళ్లం. ఒకరోజు భాయ్ అందరినీ పని ఆపమని మధ్యలో నిలబడ్డాడు.

‘లేగోస్ నించి మన సరుకు కొనే ఆమె వస్తా ఉండాది. ఆఫ్రికా. మన కట్టల్లో సగం పైన ఆమే కొంటాది. పది దినాలు ఈడే ఉంటాదంట. ఆమె వద్దనిందంటే మీలో సగం మంది ఇంటికాడ కూర్చోవాల, నేనూ కూర్చోవాల. కాబట్టి ఎవురూ నోరు జారొద్దు.’

చివరి మాట అనేటప్పుడు నా వైపే చూశాడు. అయినా చివరికి ఆయనకి దిక్కయింది ఆ నోరే. ఇంగ్లీషు నాకంటే బాగా చదివినవాళ్లు ఇద్దరున్నారు షెడ్డులో. కానీ తప్పు మాట్లాడితే నవ్వుతారేమో అన్న భయం లేనిదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఆమెకీ మాకూ మధ్య మాట చెప్పే పని నా మీద పడింది.

భాయ్ అటు పోగానే షెడ్డంతా మాటలు గుప్పుమన్నాయి. ‘ఆఫ్రికావోళ్లకి తినను తిండి లేదు కదమ్మా, ఎంటికలేం చేసుకుంటారు?’ అని ఒకామె. ‘ఆడ సింహాలుంటాయంట, ఇళ్లలోకి కూడా వస్తాయంట’ అని ఇంకొకామె. మాకు తెలిసిన ఆఫ్రికా రెండు చోట్ల ఉండేది. ఒకటి షెడ్డు మూలనున్న టీవీలో. తెల్లదొరల జంతువుల ఛానెలు తెలుగులో డబ్బింగు చెప్పి వేసేవాళ్లు. దాంట్లో జింక పరుగెత్తేది, సింహం పట్టేది. మనుషులు కనిపిస్తే ఆకలితో కనిపించేవాళ్లు, లేకపోతే జీపు వెనక పరుగెత్తుతూ కనిపించేవాళ్లు. ఇంకొకటి మా చర్చి పక్కగోడ మీద. ఏ కాలంలోనో ఏ విదేశీ మిషన్ వాళ్లో పంపిన అట్ట అది. పెద్ద పొట్ట, పుల్లల్లాంటి కాళ్లతో ఒక బిడ్డ, పైన ఇంగ్లీషులో ‘ఆఫ్రికా ఆకలితో ఉంది’ అని, కింద చందా డబ్బా. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ బిడ్డ కోసం నేనెన్నిసార్లు ప్రార్థన చేశానో. వాడు ఏనాడూ పెరగలేదు, వాడి కడుపూ నిండలేదు. మా ఆలోచన మొత్తం ఆ రెంటిలోంచే వచ్చింది. చివరికి ముసలామె ఒకావిడ తేల్చేసింది: ‘పాపం, ఈడున్నన్ని దినాలన్నా కడుపునిండా తినిపోనీయండమ్మా.’

ఆమె మద్రాసు నుంచి కారులో దిగింది. భాయ్ కంటే జానెడు పొడుగు. నీలం మీద పసుప్పచ్చ పెద్ద పెద్ద పువ్వుల గౌను, అదే గుడ్డతో తలపాగా, చేతిలో రెండు ఫోన్లు, మెడలో మా పాస్టరమ్మ దాచి దాచి చూపించే గొలుసు కంటే లావు గొలుసు. సెంటు వాసన ఆమె కంటే ముందు షెడ్డులోకి వచ్చింది. మేమందరం దబ్బనాలు పట్టుకుని నోళ్లు తెరిచి కూర్చున్నాం. ఆమె ఎవరినీ చూడకుండా తిన్నగా కట్టల దగ్గరికి పోయి, ఒక్కో కట్టనీ వేళ్ల మధ్య జార్చి, వాసన చూసి, నాలుగు కట్టలు తీసి పక్కన పడేసింది. సరిగ్గా ఆ నాలుగింట్లోనే భాయ్ పొట్టి జుట్టు కలిపించాడు. భాయ్ మొహం చూడాలి అప్పుడు. లేగోస్‌లో ఆమెకి పెద్ద షాపు, పదకొండు మంది పనివాళ్లు అని ఆమె చెప్తే నేను తెలుగులోకి మార్చి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. నేను గొప్పకి కలిపి చెప్తున్నాననుకున్నారు.

భాయ్ ఇంటి మేడ మీద గదిలో ఆమెని దించారు. మొదటి రోజు సామాను మోయడానికి నేనూ పోయాను. ఒక పెట్టె నిండా బిస్కెట్లు, డబ్బా చేపలు, నీళ్లలో వేసే మాత్రలు, చేతికి సరిపోని లావు టార్చిలైటు ఒకటి. ఆ దేశంలో ఇవేం దొరకవేమో, ఉన్నవి కాపాడుకుంటోంది అనుకుని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దున్నే షెడ్డుకి రాగానే ఆమె నన్ను ‘తిన్నావా?’ అని అడిగేది. నేను ఆమెని ‘మీరు తిన్నారా?’ అని అడిగేదాన్ని. ఆమె నా చేతిలో బిస్కెట్లు పెట్టేది. నేను అమ్మ చేసిన ఇడ్లీ ఆమె చేతిలో పెట్టేదాన్ని. ఎంత మంచి మనిషి, తనకి లేకపోయినా పెడుతోంది అని ఇంటికొచ్చి చెప్పుకునేదాన్ని. అప్పుడప్పుడు పక్కకి పిలిచి, ‘ఇక్కడ మిమ్మల్ని ఎవరైనా కొడతారా? జుట్టు ఇమ్మని బలవంతం చేస్తారా?’ అని అడిగేది. ‘మా అమ్మ కొడుతుంది’ అన్నాను ఒకసారి. ఆమె నవ్వలేదు.

ఆదివారం తానూ చర్చికి వస్తానంది. ఇక్కడ మా గుప్పెడు బియ్యం సంగతి చెప్పాలి. మా ఇళ్లలో అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు. అది దేవుడి గుప్పెడు. ఎంత కరువొచ్చినా ఆ చెయ్యి ఆగదు. అలా పోగైన బియ్యం నెలకొకసారి చర్చికి తెచ్చి ఒకే గోతంలో పోస్తే, అది బాలింత ఉన్న ఇంటికో, పని దొరకని ఇంటికో పోతుంది. ఆ నెల బియ్యం లేగోస్ ఆమెకి ఇవ్వాలని ఆడవాళ్లందరూ కలిసి అనుకున్నారు. నాకు ముందే చెప్పారు. నేనూ తలూపాను. అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. నేనూ సంతోషంగానే తలూపాను.

వాక్యం చెప్పడం అయ్యాక పాస్టరమ్మ ఆమెని ముందుకి పిలిచి శాలువా కప్పింది. బియ్యం గోతానికి బంతిపూల దండ వేసి ఆమె కాళ్ల దగ్గర పెట్టించింది. మైకు నా చేతికి ఇచ్చి, ‘ఆకలికి అల్లాడతా ఉండే ఆమె దేశం బిడ్డల కోసరం మా ఆడబిడ్డలు నోరు కట్టుకోని దాచిన బియ్యం అని చెప్పు’ అంది. నేను ఆమె మొహం చూశాను. ఆ గొలుసు, ఆ తలపాగా, వేళ్లతో కట్టల్ని జార్చిన ఆ తీరు కళ్ల ముందుకొచ్చాయి. మొదటిసారి నాకేదో తప్పు జరుగుతోందనిపించింది. ‘వీళ్లు మీకు స్వాగతం చెప్తున్నారు. చుట్టాలకి బియ్యం ఇవ్వడం మా ఆచారం’ అన్నాను ఇంగ్లీషులో.

ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని థాంక్స్ చెప్పింది. వాళ్ల భాషలో ఒక పాట ఎత్తుకుంటే భాష తెలియకుండానే అందరూ చప్పట్లు కలిపారు. చర్చి అంతా వెలిగిపోయింది. పాట అయిపోయి మైకు నాకివ్వబోతూ పక్కకి తిరిగింది. ఎదురుగా ఆ అట్ట ఉంది. పైనున్న ఇంగ్లీషు అక్షరాలు చదివింది. బిడ్డని చూసింది, కాళ్ల దగ్గరున్న గోతాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె శాలువా మడిచి చేతిమీద వేసుకుని, పెద్దవాళ్లకి దణ్ణం పెట్టి, ఒక్కతే నడిచి వెళ్లిపోయింది.

సోమవారం షెడ్డుకి రాలేదు. పదింటికి భాయ్ వచ్చాడు, కళ్లెర్రగా. ‘రేపు మద్రాసుకి కారు చెప్పమనింది. సరుకు సంగతి అడిగితే పలకలా. ఏం చేసినార్రా మీరంతా? నువ్వేం చెప్పినావు మైకులో?’ ఇరవై రెండు జతల కళ్లు నా మీద. పాపం వాళ్లకి అప్పటికీ ఏం తప్పు జరిగిందో అర్థం కాలేదు. ‘బియ్యం మంచియ్యే కదా పోసింది, పురుగు కూడా లేదే’ అంది ముసలామె. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్న ఒకామె మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుంది. అది చూసి నేను దబ్బనం అక్కడే గుచ్చి మేడ మీదకి పరుగెత్తాను.

పెట్టె సర్దుతోంది. గోతం తలుపు పక్కన, వాడిన దండతో. ‘నేను అబద్ధం చెప్పాను’ అన్నాను.

‘తెలుసు. నా షాపులో పదకొండు మందికి నేను జీతాలిస్తాను. మీకు కూడా పని ఇచ్చేది నేనే. మీరంతా కలిసి నన్ను ఆ గోడ మీది బొమ్మ కింద నిలబెట్టారు’ అంది, బట్టలు మడుస్తూనే.

క్షమించమని అడగడానికే పోయాను. కానీ నా నోరు నా మాట వినదు కదా. బల్ల మీద బిస్కెట్ల డబ్బా కనిపించింది, అంతే. ‘మరి మీరు? రోజూ నాకు బిస్కెట్లు ఎందుకు పెడుతున్నారు? తిన్నావా అని అడుగుతూ నా పొట్ట వైపు ఎందుకు చూస్తున్నారు? కొడతారా, కొడతారా అని ఎందుకు అడుగుతున్నారు? నా మొహంలో మీకే బొమ్మ కనిపిస్తోంది?’ అనేశాను. ఇంత ఇంగ్లీషు నాకు వచ్చని నాకే తెలియదు.

ఆమె చేతులు ఆగిపోయాయి. మంచం అంచున కూర్చుని, ఫోను తీసి ఒక వీడియో చూపించింది. అది ఏదో ఇంగ్లీషు ఛానెలుది. మన దేశపు మురిక్కాలవలు, ఆవులు, అడుక్కునే పిల్లలు. తర్వాత గుండు చేయించుకుంటున్న ఒకామె, కళ్లవెంట ధారలు. దాని మీద ఒక మగ గొంతు, లోతుగా, జాలిగా, ఇంగ్లీషులో: ఈ దేశంలో పేద ఆడవాళ్ల జుట్టుని ఇలా లాక్కుని అమ్ముకుంటారని. లేగోస్‌లో ఒక పిల్ల ఆ వీడియో చూసి, కొన్న జుట్టు తిరిగి తెచ్చిచ్చిందట. ‘దొంగిలించిన జుట్టు నా తలమీద వద్దు’ అందట. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. షాపు నిలబడాలంటే నిజం ఏమిటో కళ్లతో చూసుకోవాలని వచ్చింది. ఆ డబ్బా చేపలూ, నీళ్ల మాత్రలూ, టార్చీ వాళ్లమ్మ సర్దిందట. అక్కడ తిండీ ఉండదు, కరెంటూ ఉండదు, టీవీలో చూశాను అందట వాళ్లమ్మ.

నేను ఫోను తీసుకుని మళ్లీ పెట్టాను. ఆ మగ గొంతు అడుగున సన్నగా ఇంకో గొంతు ఉంది. స్పీకరు చెవికి ఆనించి పెట్టుకున్నాను. ఆ గుండు చేయించుకుంటున్నామె మాట్లాడుతోంది, తెలుగులో. ఆ గొంతు మీద ఇంగ్లీషు గొంతు పరిచేశారు గానీ పూర్తిగా చెరపలేదు. ‘మా అబ్బయ్యకి జొరం తగ్గితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నా. తగ్గింది సామీ. ఇచ్చినా. మా అబ్బయ్య నడస్తా ఉండాడు.’

ఈసారి ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను. ఆమె మూడుసార్లు పెట్టించుకుంది. ‘మరి ఏడుస్తోంది కదా?’

‘బిడ్డ బతికినాడు కదక్కా. నేనైనా ఏడుస్తా’ అన్నాను. అక్కా అని తెలుగులోనే వచ్చేసింది. ఆమె ఆ మాటకి అర్థం అడగలేదు.

ఇంక మిగిలింది మా షెడ్డుకి వచ్చే జుట్టు. అది ఎలా వస్తుందో చూపిస్తానని చెప్పులు కూడా వేసుకోనీకుండా మా ఇంటికి లాక్కుపోయాను. బయల్దేరేటప్పుడు ఆమె ఎందుకో పెట్టెలోంచి టార్చి తీసి సంచిలో వేసుకుంది. మా అవ్వ పంచలో కూర్చుని తల దువ్వుకుంటోంది. దువ్వి, వచ్చిన నాలుగు వెంట్రుకలూ వేలికి చుట్టి, గోడ సందులోంచి పెద్ద ఉండ లాగి దానికి చేర్చి మళ్లీ దోపబోతుంటే, లేగోస్ అక్క ‘ఆగు, ఆగు’ అని కింద కూర్చుని చెయ్యి చాపింది. అవ్వ ఆమెని ఎగాదిగా చూసింది.

‘ఎంటికలకొచ్చినావా? సామానేదిమే?’

నేను చెప్పబోతే లేగోస్ అక్క నన్ను ఆపింది. ఆ మాటలోని బేరం ఆమెకి నా సాయం లేకుండానే అర్థమైంది. సంచిలోంచి దువ్వెన తీసి చూపించింది. అవ్వ మొహం తిప్పుకుంది. బిస్కెట్లు చూపించింది. ‘పండ్లు లేవు నాకు’ అంది అవ్వ. అక్క లేచి మూడడుగులు వెళ్లిపోయినట్టు నడిచింది. ‘పొయ్యే పో, నీయట్టాటోళ్లని ఎంత మందిని చూళ్లా’ అని అవ్వ ఉండని కొంగులో దాచింది. అక్క వెనక్కి తిరిగి టార్చి తీసి వెలిగించింది. పట్టపగలే గోడ మీద తెల్లటి గుండ్రం పడింది. అవ్వ టార్చి లాక్కుని, మూడుసార్లు వెలిగించి ఆర్పి, ‘ఇదైతే సరే. ఇంకో ఉండకి మాత్రం గిన్నె తేవాల’ అని జుట్టు అక్క చేతిలో పెట్టింది. లేగోస్ అక్క వెనక్కి వాలి నవ్వింది చూడండి, పక్కింటివాళ్లు గోడ ఎక్కి చూశారు. ఆ బేరమంతా నేను ఆమె ఫోనులో తీశాను. తర్వాత దాన్ని లేగోస్ షాపులో టీవీలో వేస్తున్నానని చెప్పింది. మా అవ్వ తిట్లు విని అక్కడి ఆడవాళ్లు పడీపడీ నవ్వుతారట. జుట్టు తిరిగి తెచ్చిచ్చిన పిల్ల మళ్లీ వచ్చిందట.

లేగోస్ అక్క మద్రాసు కారు వద్దని చెప్పించింది. మిగతా రోజులు షెడ్డులో మా పక్కనే కూర్చుంది. మంచి కట్టలు తీసుకుంది, భాయ్ కలిపిన పొట్టివి మాత్రం మళ్లీ పక్కన పడేసింది. ఆ బియ్యం ఎవరికి పోవాల్సిందని నన్ను అడిగి, వీధి చివర బాలింత ఇంటికి గోతాన్ని తనే తల మీద పెట్టుకుని మోసింది. నేను పాస్టరమ్మకి జరిగిందంతా చెప్పాను. ఆమె ‘మంచి మనసుతోనే కదమ్మా ఇచ్చినాం’ అంది. అది నిజమే. మంచి మనసు లేకపోతే ఆ నొప్పి అంత లోతుకి దిగేది కాదేమో. అట్ట మాత్రం గోడకి సున్నం వేసేదాకా అక్కడే ఉంది. తీసేయమని అడగడానికి నాకూ నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడం అరుదు.

ఇప్పుడు నేను పెళ్లై మనుబోలులో ఉన్నాను. భాయ్‌కి మోకాళ్లు పట్టేసి షెడ్డు మూసేశాడు. అయినా ముందే ఎవరి పని వాళ్లు చూసుకునేంత టైమిచ్చాడు. లేగోస్ అక్క మాత్రం నెలకొకసారన్నా ఫోనులో గొంతు రికార్డు చేసి పంపుతుంది. ఎప్పుడొస్తావని జూన్‌లో అడిగితే, ‘ఇక్కడ వానలు, వీధులన్నీ నీళ్లు, తగ్గాక వస్తా’ అంటుంది. ఆ మాటల వెనక రేకుల మీద దబదబా వాన వినిపిస్తుంది. నేను పెరిగింది ఒక్క చినుకు కూడా పడని ఆఫ్రికాని చూస్తూ కదా, ఆ చప్పుడు కోసం ఆ మెసేజి రెండుసార్లు వింటాను. అక్కడ తగ్గేసరికి అక్టోబరు దాటి, ఇక్కడ తుపాన్లు మొదలై రోడ్లు తెగుతాయి. అప్పుడు నేనే ఆగమంటాను. ఇలా ఒకరి వాన వెలిసేదాకా ఒకరం ఆగుతూ ఆరేళ్లు గడిపేశాం. అవ్వ మాత్రం ఆగలేదు, రెండో ఉండకి గిన్నె రాకముందే కన్నుమూసింది.